బర్రె తన్నిన కాలు

మెట్‌పల్లి రోడ్డు,
21-8-1986.

పల్టన్‌లో పప్పు తిప్పి పెన్షన్ తింటున్న కుంటి బావకు,

నీ పెండ్లాం తమ్ముడు హనుమండ్లు రాసేది. బతికే ఉన్న. నువ్వు కూడ బతికే ఉన్నవని నీ కార్డు చూస్తే తెలిసింది. మా అక్క చేతి కూర ఇన్నేండ్లు తిన్నోనికి శత్రువు బాంబు ఏం చేస్తదని నేను ఎప్పుడో అన్న.

నీ కార్డు ముందుగాల పోస్టుమాన్ చదివిండు, తర్వాత చాయ్ హోటల్ బాలవ్వ చదివించుకున్నది, ఆఖరుకు నాకు చేరింది. ఇగనుంచి ఇజ్జత్ సంగతులు ఇన్లాండు లెటర్ మీద రాయి. పంక్చర్‌కు వచ్చినోళ్లందరు గాలి కొట్టించుకునుడు మరిచి, "కొమురెల్లిని జెండా కాడ కుర్చీల నుంచి లేపిన్రట గదా, నిజమేనా?" అని అడుగుతున్నరు.

నాకు సమజైనంత వరకు సంగతి ఇది. పంద్రాగస్టు నాడు బెల్లంపల్లిలో రిటైరైన సిపాయిలందరు మెడల్స్ పెట్టుకొని జమైన్రు. మీ సంఘానికి కొత్తగా వచ్చిన సుబేదారు, లడాయిలో దెబ్బలు తిన్నోళ్లు ముందు కుర్చీల కూసోవాలె, మిగతోళ్లు ఎనుక నిలబడాలె అన్నడు. నువ్వు కుంటుకుంట పోయి కూసున్నవు. ఆయన నీ డిశ్చార్జి బుక్కు తెరిచి చూసి, "ఇందుల గాయం మెడల్ లేదు, లెవ్వు" అన్నడు. నువ్వు లేచినవు.

లేచినవు చూడు, నాకు అక్కడనే మండింది. నేనయితే పాయింటు పైకి గుంజి, "బుక్కుల లేదు సాబ్, గీడ ఉన్నది, చదువుకో" అంటుంటి.

నీ మోకాలు సంగతి నాకన్న ఎక్కువ ఎవరికి తెలుసు? డెబ్బై రెండులో నువ్వు సెలవు మీద వస్తే మెట్‌పల్లి బస్టాండులో నిన్ను దించుకున్నది నేను. కట్టు కట్టుకొనే బస్సు దిగినవు. సైకిల్ ఎనుక కూసుండబెట్టుకొని ఊరిదాక తొక్కుకుంట తెచ్చిన. కావాలని గుంతల్ల ఎక్కించిన. నువ్వు మా తాతముత్తాతలను తిట్టినవు గాని కండ్ల నీళ్లు పెట్టలేదు. ఇంటికాడ అక్క కట్టు విప్పి వేడినీళ్లతో కడిగితే దీపం పట్టుకున్నది నేను. మాంసంలో ఇనుప రేకులు మెరిసినయి. ఆ రోజు రాత్రి నేను అన్నం తినలేదు. ఇది నీకు ఇప్పటిదాక చెప్పలేదు, ఇప్పుడు కూడ చెప్పినట్టు కాదు.

అందుకని రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పెట్టు. అడగనిది అవ్వ కూడ పెట్టదు, సర్కారు పెడతదా?

మన ఊరి సంగతులు. దుబాయి పోయిన మా చిన్న తమ్ముడు రేడియో పంపిండు. దుకాణంల పెట్టిన, పాటలకు జనం వస్తున్నరు, సైకిళ్లు వస్తలేవు. మీ అత్త బర్రె ఈనింది. దూడకు నీ పేరు పెడదామనుకున్న గాని అది నాలుగు కాళ్ల మీద సక్కగ నడుస్తుంది.

అక్క నన్ను జర మర్యాదగ రాయుమంటదని తెలుసు. బామ్మర్ది బావను మర్యాదగ పిలిచిండంటే ఆ రెండిండ్ల నడుమ ఏదో తెగిందని మా నాయనమ్మ చెప్తుండె. అందుకని తిట్లకు కరువు రానియ్యను.

నీ ఇంట్ల హక్కున్న దొంగ,
హనుమండ్లు.


బెల్లంపల్లి,
14-9-1986.

తోక తెగిన హనుమండ్లుకు,

నీ తిట్లు చేరినయి. మీ అక్క లస్మవ్వ చదివించుకొని నవ్వింది, సైకిల్ ముచ్చట కాడ ఏడ్చింది. నువ్వు గుంతల్ల ఎక్కించింది కావాలనే అని ఇన్నేండ్లకు ఒప్పుకున్నవు, సంతోషం. నువ్వు బెల్లంపల్లి వచ్చిన నాడు నీ లెక్క తేలుస్త.

దరఖాస్తు పంపిన. నేను గేటు కాడ కావలి కాసే బొగ్గుబాయి ఆఫీసులో టైపు కొట్టే రామకిషన్‌రావు సారు ఇంగ్లీషులో రాసిచ్చిండు. అయితే ఒక చిక్కు ఉన్నది. డెబ్బై ఒకటి లడాయిలో కాలువ కాడ దెబ్బ తగిలిన్నాడు డేరాలో ఒక డాక్టరు కట్టు కట్టిండు. ఆయన రాసిన కాగితం లడాయి గడబిడలో ఏమైందో ఎవరికి తెలువదు. నడువరాకుంటే ఇంటికి సెలవు మీద తోలిన్రు. ఇంటికాడ చీము పట్టింది. తిరిగి పోంగనే పెద్ద దవాఖానలో పడుకోబెట్టిన్రు. రికార్డులో ఆ పెద్ద దవాఖాన తారీఖు ఒక్కటే ఉన్నది. అంటే సెలవు తర్వాత తారీఖు. "ఎడమ మోకాలికి దెబ్బ, కారణం తెలియదు" అని రాసి ఉన్నది. సెలవులో ఇంటికాడ తగిలించుకొని వచ్చిండేమో అని వాళ్ల అనుమానం.

నన్ను కట్టుతోనే బస్సు దించుకున్నది నువ్వు. అందుకని సాక్షిగా నీ పేరు పెట్టిన. మోహరు కొట్టిన కాగితం పోస్టులో వస్తది. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం చెయ్యి. నీ ఎకసెక్కాలు అందులో పెట్టకు.

ఎందుకింత పట్టుపడుతున్నవని అడుగుతవు, చెప్త. వచ్చే పంద్రాగస్టుకు సంఘం ముంగట ఒక రాయి నిలవెడుతున్నరు. లడాయిలో చచ్చిపోయినోళ్ల పేర్లు పైన, దెబ్బలు తిన్నోళ్ల పేర్లు కింద చెక్కుతరు. మా అంతయ్య పేరు పైన ఉంటది. ఆదిలాబాద్ పోరడు, నీకు చెప్పిన గదా. ఇద్దరం ఒక్క గుంతలో కూసున్నం. పడ్డ బాంబు ఒక్కటే. ఆయనకు తగిలింది రాసుకున్నరు, నాకు తగిలింది రాసుకోలేదు. నాకు పెన్షన్ పెరగద్దు, కుర్చీ వద్దు. అంతయ్య తల్లి రామవ్వ రాయి చూసేటందుకు వస్తదట. నా కొడుకు పక్కన ఆఖరుకు ఎవరున్నరు అని అడుగుతది. ఆమె చెయ్యి పట్టుకొని నా పేరు మీద పెట్టాలె. అంతే.

ఇంకొక మాట. ఇది చదివి పొయ్యిలో పెట్టు. ఈ దిక్కు దినాలు బాగలేవు. రిటైరైన సిపాయి అంటే రెండు దిక్కులవాళ్లకు అక్కరకొచ్చే సామానే. పోలీసోళ్లు వచ్చి మాతోని తిరుగు అంటున్నరు. అడవిలో అన్నలు వచ్చి తుపాకి విప్పి బిగించుడు నేర్పు అంటున్నరు. ఇటు పోయినా అటు పోయినా మనిషి మళ్ల ఇంట్లో పడుకోలేడు. మాతోని పెన్షన్ తీసుకునే హవల్దారు ఒకాయన ఇల్లు ఇడిచి చాందా దిక్కు పోయిండు. గుర్తు తెలియనోడు మన ఊరికి వచ్చి, కొమురెల్లి ఏ లడాయి చేసిండు, ఏం పని వచ్చు అని అడిగితే నాకేం తెలువదని చెప్పు.

కొమురెల్లి,
రిటైర్డ్ నాయక్. నాయక్ అంటే పప్పు తిప్పేటోడు కాదు, పది మందిని నడిపేటోడు. ఊరికి చెప్పు.


మెట్‌పల్లి రోడ్డు,
30-11-1986.

నా నోటి పుణ్యాన అడవి పాలుకాకుండ మిగిలిన బావకు,

ముందుగాల ఈ ఉత్తరం కూడ చదివి పొయ్యిలో పెట్టుమని అక్కకు చెప్పు. నువ్వు అనుకున్నట్టే అయింది. వచ్చిండు.

మొన్న అంగడి నాడు. నడిఈడు మనిషి. చెప్పుల నిండ దుమ్ము, భుజానికి బట్ట సంచి. జీపు లేదు, జవాను లేడు, టోపీ లేదు. బస్సు దిగి నడుచుకుంట వచ్చి మా దుకాణం పక్కన బాలవ్వ హోటల్లో కూసున్నడు. "కొమురెల్లి ఇల్లు ఏదవ్వా, పల్టన్‌ల పనిచేసిండు గదా?" అని మెల్లగ అడిగిండు. సర్కారు మనిషేమో అని నేను పానా కింద పెట్టి లేచి నిలబడ్డ.

కాని బావా, చాయ్ తాగి పైసలు తీసి ఇచ్చిండు. బాలవ్వ వద్దన్నది. "నీ కష్టం నేను ఊరికెనే ఎందుకు తాగాలె అవ్వా?" అన్నడు. నువ్వే చెప్పు. మన ఊరికి వచ్చిన పట్వారీ ఇచ్చిండా? పోలీసు ఇచ్చిండా? కరెంటోడు ఇచ్చిండా? బాలవ్వను వాళ్లు ఎప్పుడన్న అవ్వా అన్నరా? సర్కారోడు కాదని అప్పుడే తేలిపోయింది. అన్ననే. అడవికెళ్లి వచ్చిన అన్ననే.

పోయి పక్కన కూసున్న.

"ఎవరన్నా, కొమురెల్లిని అడుగుతున్నవు?"

"ఔ. లడాయిల మోకాలికి దెబ్బ తగిలిందంటరు గదా, ఎట్ల తగిలింది?"

"లడాయా? ఎవరు చెప్పిన్రే నీకు? ఆయన పల్టన్‌ల పప్పు తిప్పిండు. తుపాకి ఏ కొస పట్టుకోవాలనో తెల్వది."

"మరి కాలు?"

నువ్వు చెప్పింది 'నాకేం తెలువదు' అనుమని. కాని అట్లంటే వాడు పోతడా? ఇంకొకన్ని అడుగుతడు. అప్పుడే మీ అత్త బర్రె తోక ఊపుకుంట మా ముంగట నుంచి పోయింది. ఆ తల్లే నా నోట్లకు మాట ఇచ్చింది.

"బర్రె తన్నింది" అన్న.

ఇగ ఆగుతనా బావా? డెబ్బై రెండులో సెలవు మీద వచ్చిండు, పల్టన్‌ల పాలు పిండుడు గూడ నేర్చుకున్న అని బర్రె కింద కూసున్నడు, అది తొలిచూరు బర్రె, తన్నితే పోయి నీళ్ల గాబులో పడ్డడు అని చెప్పిన. బాలవ్వకు కన్ను కొట్టిన. ఆమె నాకన్న తక్కువదా? "నేనే గదా బిడ్డా పసుపు ముద్ద పెట్టి కట్టు కట్టింది" అన్నది. గాలి కొట్టించుకొనేటందుకు వచ్చిన లింగమూర్తి ఊరికెనే ఉంటడా? "ఆ బర్రెను అంగట్ల అమ్మించింది నేనే. సిపాయిని పడగొట్టిన బర్రె అంటే రేటు గూడ ఎక్కువ పలికింది" అన్నడు. హోటల్ అంత నవ్వు. ఆయన ఒక్కడు నవ్వలేదు. కాగితం తీసి రాసుకున్నడు. ఎందుకన్నా అంటే, మరిచిపోకుంట అన్నడు.

"నువ్వు ఆయనకు ఏమైతవు?"

"సొంత బామ్మర్దిని. ఆయన పెండ్లాం నా తోడబుట్టింది. నాకు తెల్వకుంట ఆయన కాలు విరుగుతదా?"

లేచి అందరికి దండం పెట్టి, వచ్చినట్టే నడుచుకుంట పోయిండు. ఇగ ఏ అన్న కూడ నీ ఇంటి కడప తొక్కడు. బర్రె చేతిలో ఓడిపోయినోన్ని తోలుకపోయి ఏం చేసుకుంటరు? నాకు ఒక పాయింటు బట్ట బాకీ పడ్డవు.

నువ్వు చెప్పిన మోహరు కాగితం ఇంకా రాలేదు. దాని కోసం కొత్త పెన్ను కొని పెట్టిన.

నీ ప్రాణదాత,
హనుమండ్లు.


బెల్లంపల్లి,
2-1-1987.

తోక మళ్ల మొలిచిన హనుమండ్లుకు,

మంచి పని చేసినవు. మీ అక్క నవ్వి నవ్వి పొరబోయి నీళ్లు తాగింది. నువ్వు చెయ్యంగ చెయ్యంగ ఒక్క పని అక్కరకొచ్చింది. అయితే పప్పు తిప్పిండని చెప్పుడు అవసరమా? బర్రె ఒక్కటి చాలదా?

రికార్డు ఆఫీసు నుంచి కార్డు వచ్చింది, విచారణ జరుగుతున్నది అని. నీ కాగితం ఆ తర్వాత వస్తదేమో. రాయి మాత్రం వచ్చింది. కరీంనగర్ నల్లరాయి, అద్దం తీరు ఉన్నది. చెక్కేటోడు అంతయ్య పేరు చెక్కిండు. కింద జర జాగ ఇడిచిపెట్టుమని సుబేదారును అడిగిన. "కాగితం తే, చెక్కిస్త" అన్నడు. చెడ్డోడు కాదు. బుక్కుల ఉన్నదే చూస్తడు, పల్టన్ మనిషి గదా, నేనయినా అంతే చేస్తుంటి.

మొన్న డ్యూటీ లేని దినం చూసుకొని ఆదిలాబాద్ పోయి రామవ్వను కలిసిన. జిన్నింగు మిల్లులో పత్తి ఏరుతది. జుట్టంత తెల్లగైంది, అది ముసలితనమో పత్తినో తెలువలేదు. నన్ను మిల్లు గేటు కాడ కూసుండబెట్టి ఒకటే మాట అడిగింది. "నా పోరడు పోయేముందు నీళ్లడిగిండా బాబా?"

అడిగిండు, తాపిన అని చెప్పిన.

తాపలేదు హనుమండ్లూ. సీసా అవతల పడ్డది. నా కాలు నా మాట వినలేదు. జరుగుదామంటే జరుగరాలేదు. చేతికి అందేటంత దూరమే. ఆయన అడుగుడు బందు చేసేదాక వింటనే ఉన్న. ఈ సంగతి మీ అక్కకు కూడ చెప్పలేదు. ఇట్ల చదివి అట్ల మరిచిపో. నీకు ఎందుకు రాస్తున్ననో నాకే తెలువదు. నువ్వు ఎవరికి చెప్పినా నమ్మరని కావచ్చు.

పాయింటు బట్ట తీసిపెట్టిన. వచ్చి తీసుకపో.

కొమురెల్లి.


బెల్లంపల్లి,
9-4-1987.

హనుమండ్లుకు,

జవాబు వచ్చింది. రామకిషన్‌రావు సారు తెలుగు చేసి చెప్పిండు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

"దరఖాస్తుదారుని స్వగ్రామములో విచారించగా, ఆయన సొంత బావమరిదియు, మరి ఇద్దరు గ్రామస్థులును, సదరు గాయము 1972లో సెలవులో ఉండగా ఇంటి వద్ద బర్రె తన్నుట వలన కలిగినదని ఒకే మాటగా చెప్పినారు. కావున రికార్డు మార్చుటకు ఆధారము లేదు."

నీ హోటల్‌కు వచ్చినాయన అన్న కాదు. రికార్డు ఆఫీసు అడిగితే కరీంనగర్ సిపాయిల ఆఫీసు పంపిన మనిషి. ఆయన కూడ ఒకప్పటి సిపాయే. ఎవరి దగ్గర ఊరికెనే చాయ్ తాగడట.

రామకిషన్‌రావు సారు చదువుకుంట చదువుకుంట బర్రె కాడికి వచ్చి ఆగిండు. పెదవి కరుచుకున్నడు. నా ముంగట నవ్వు ఆపుకున్నడు గాని నేను బయటికి పోయినంక ఆపుకోలేదు, తలుపు అవతలికి వినపడ్డది.

నేను నీకు చెప్పుమన్నది 'నాకేం తెలువదు' అని. ఆ మాటకు నోరు అంత కష్టపడదు.

పోయి నిజం చెప్పు. రాయి నిలవెట్టేది ఆగస్టులో.

కొమురెల్లి.


మెట్‌పల్లి రోడ్డు,
3-5-1987.

బావా,

తిట్టు లేకుండ మొదలుపెడుతున్న, చెయ్యి సాగుతలేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడే రెండు బస్సులు మారి ఆఫీసుకు పోయిన. ఆయననే ఉన్నడు. అదే బట్ట సంచి కుర్చీకి తగిలించి ఉన్నది. నన్ను గుర్తుపట్టి కూసోమన్నడు. పక్కన బల్ల మీద ఒక పోలీసు కూసున్నడు, తన పని మీద వచ్చిండు.

"ఆనాడు నేను చెప్పింది అబద్ధం సార్. మా బావ కట్టుతోనే బస్సు దిగిండు. ఇనుప రేకులు నా కండ్లతోని చూసిన" అన్న.

"మరి ఆనాడు ఎందుకు గట్ల చెప్పినవు?"

ఏం చెప్పాలె బావా? నిన్ను అన్న అనుకున్న సార్ అనాల్నా, పోలీసు వినంగ? అన్నలు ఎట్లుంటరో నీకెట్ల తెలుసు, నీ దుకాణానికి వస్తరా, వాళ్లకు సైకిళ్లు నువ్వే ఇస్తున్నవా అని అడగరా? మన ఊరి కొమురవ్వ కొడుకును, అన్నలకు ఒక్క పూట అన్నం పెట్టిండని పోలీసోళ్లు తీసుకపోయిన్రు. ఆమె ఇప్పటికీ ప్రతి బస్సుకు ఎదురుపోతుంది. నాకు ఇద్దరు పిల్లలున్నరు.

"తమాషాకు చెప్పిన సార్" అన్న.

ఆయన కలం తీసి 'తమాషాకు' అని రాసుకున్నడు.

"ఇప్పుడు చెప్పేది తమాషా కాదని నాకెట్ల తెలుస్తది?"

పోలీసు కూడ నా దిక్కు చూసిండు. పుట్టినకాడికెళ్లి ముచ్చట్లు అల్లిన నేను ఆ బట్ట సంచి దిక్కే చూసుకుంట కూసున్న. ఆయన నాకు చాయ్ తెప్పించిండు. పైసలు ఆయనే ఇచ్చిండు.

ఊరికి వచ్చి బాలవ్వను సాక్ష్యానికి రమ్మన్న. "నేను పసుపు పెట్టి కట్టు కట్టిన గదరా" అన్నది. అవ్వా, అది మనం ఆనాడు అల్లిన ముచ్చట అంటే, "ఇంతమందికి చెప్పిన, ఇప్పుడు కాదంటే నా మాటకు ఇజ్జత్ ఉంటదా?" అన్నది. లింగమూర్తి అయితే ఆ బర్రె ఏ ఊరికి పోయిందో, ఎన్ని ఈతలు ఈనిందో కూడ చెప్తుండు. నేను అబద్ధాన్ని కన్న, ఊరు సాదుతుంది.

కోపం చెయ్యకు గాని ఒక మాట అంట. మంచి పని చేసినవని నువ్వు కూడ రాసినవు. మీరిద్దరు నవ్విన్రు. నాకు మాత్రం ఎట్ల తెలువాలె? సర్కారోడు సర్కారోని లెక్క రావద్దా? జీపుల వచ్చి, నాలుగు తిట్లు తిట్టి, చాయ్ ఊరికెనే తాగి ఉంటే నేను నిలబడి అన్ని నిజాలే చెప్తుంటి గదా.

ఈ ఉత్తరం కూడ చింపెయ్యి.

హనుమండ్లు.


మెట్‌పల్లి రోడ్డు,
20-8-1987.

బావా,

మూడు నెలల సంది నీ జవాబు లేదు. అక్క నుంచి పచ్చడి లేదు. ఉండబట్టలేక పంద్రాగస్టుకు చెప్పకుండ వచ్చిన. నన్ను చూసినవు, చూసినట్టు చూడలేదు.

జనం ఎనుక నిలబడి రాయిని చూసిన. పైన అంతయ్య పేరు ఉన్నది. కింద మూడు పేర్లు ఉన్నయి, వాటి కింద నున్నగ నల్లగ జాగ ఉన్నది, అందులో నిలబడ్డోళ్ల కాళ్లు అగుపిస్తున్నయి. రామవ్వ ముసలామె కొడుకు పేరు మీద చెయ్యి పెట్టి నీ దిక్కు తిరిగి ఏదో అడిగింది. ఆమె ఏమడిగిందో నాకు వినపడలేదు. నువ్వు తల వంచుకున్నవు. జెండా వందనం అయిపోంగ పోరగాళ్లు నలుగురు నీ ఎనుక బర్రె తీరు అరుచుకుంట పోయిన్రు. ఒకన్ని పట్టుకొని చెవు మెలిపెట్టిన. "అందరు అంటరు గదా" అని ఏడ్చిండు. నిన్ను ఏమని పిలుస్తరని అడిగితే, బర్రె నాయక్ అన్నడు. మన ఊర్ల పుట్టిన మాట నాకన్న ముందే బెల్లంపల్లి చేరింది.

ఇంటికి వచ్చిన. నువ్వు కుర్చీ తెచ్చి వేసినవు. కండువాతో తుడిచినవు. "కూసోండ్రి" అన్నవు. బావా, నీ ఇంట్లో నేను ఎన్నడన్న కుర్చీల కూసున్ననా? వచ్చుడుతోనే వంటింట్ల దూరి కుండ మూత తీసేటోన్ని. అక్క పళ్లెం నా ముంగట పెట్టి లోపటికి పోయింది. పాయింటు బట్ట కాగితంలో చుట్టి ఇచ్చినవు. తెచ్చిన గాని కుట్టియ్యలేదు.

మీ అత్త బర్రెను అమ్మిన. అది కొట్టంల నన్ను చూసి నమిలినప్పుడల్ల నాకు మనసున పడుతలేదు. కొన్నోడు, "ఇదేనా సిపాయిని తన్నింది?" అని అడిగిండు.

పై ఆఫీసుకు మళ్ల రాస్త. నన్ను జైల్ల పెట్టినా సరే ఈసారి అన్న అనుకున్న సంగతి కూడ రాస్త. నువ్వు ఊ అను.

అనకున్నా సరే. ఒక్క తిట్టు రాయి. కార్డు మీదనే రాయి, పోస్టుమాన్ చదవనీ, బాలవ్వ చదివించుకోనీ, ఊరంత విననీ. తోక తెగినోడా అను. కోతీ అను. ఏదన్న అను.

హనుమండ్లు.


బెల్లంపల్లి,
11-10-1987.

శ్రీయుత హనుమండ్లు గారికి నమస్కారములు.

మీరు కోరినట్లు కార్డు మీదనే వ్రాయుచున్నాను. మీ అక్కగారు క్షేమముగా ఉన్నారు. పై ఆఫీసుకు మీరు వ్రాయవలసిన అవసరము లేదు. సాక్షి ఒకసారి ఒక విధముగా, మరొకసారి మరొక విధముగా చెప్పినందున నా ఫైలు మూసివేసినట్లు తెలియజేసినారు. మీ పిల్లలు చిన్నవారు, వేరే సంగతులు ఎక్కడా వ్రాయవద్దు.

రామవ్వ గారు అడిగినది మీకు వినపడలేదని వ్రాసినారు. బర్రె సంగతి ఆమెకు అంతకు ముందే ఎవరో చెప్పినారు. "గట్లయితే నువ్వు నా పోరని పక్కన లేనే లేవు. నీళ్లు తాపిన అంటివి, గది సుత అబద్ధమేనా బాబా?" అని అడిగినది. అందులో ఏది అబద్ధమో మీకు తెలియును.

ఇప్పుడు గేటు వద్ద ఎవరైనా కాలు సంగతి అడిగితే బర్రె తన్నినదని చెప్పుచున్నాను. రికార్డులో ఉన్న మాటనే సిపాయి చెప్పవలెను. విన్నవారు వెంటనే నమ్ముచున్నారు.

ఈ వైపు వచ్చినప్పుడు మా ఇంటికి దయచేయగలరు. కుర్చీ ఉన్నది.

ఇట్లు,
కొమురెల్లి,
రిటైర్డ్ నాయక్.